నోటినిండా నీళ్ళు

మా నాన్న రామబ్రహ్మానికి లెక్కలు చెప్పడం తప్ప ఇంకేదీ చేతకాదని అమ్మ అంటూండేది. తిట్టుగా అనేదో మెచ్చుకోలుగా అనేదో నాకు ఇప్పటికీ తేలలేదు. తెనాలి వైపు నుంచి కూకట్‌పల్లి సర్కారు బడికి లెక్కల మాస్టారుగా వచ్చినవాడు, కొన్నేళ్ళకే నీటికాసుల జబ్బుతో రెండు కళ్ళూ పోగొట్టుకున్నాడు. ఉద్యోగం పోయింది. అమ్మ బాలానగర్‌లో మందుల ఫ్యాక్టరీలో సీసాలకి చీటీలు అంటించే పనికి కుదిరింది. పగలంతా నాన్న దగ్గర ఒక మనిషి ఉండాలి. ఇంట్లో మిగిలిన మనిషిని నేనే కాబట్టి మూడో తరగతిలో బడి మానేశాను.

"అయ్యో, అమ్మణ్ణి చదువు అటకెక్కింది పాపం" అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. నాకు జాలి మాటలంటే ఒళ్ళు మంట. నా చదువు అటకా ఎక్కలేదు, ఆగిపోనూ లేదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం నడిచి ఊళ్ళో బళ్ళన్నీ నెలల తరబడి మూతపడినప్పుడు కూడా మా అరుగు మీద పాఠం నడిచింది. పుస్తకం నా చేతిలో ఉండేది. నేను గట్టిగా చదవాలి, నాన్న వినాలి. లెక్క నేను పైకి చెప్పుకుంటూ చెయ్యాలి, తప్పు పోయిన చోట నాన్న "ఊఁ?" అనాలి. ఆ "ఊఁ?" వినగానే వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

అలా పైకి అనుకుంటూ చదివి చదివి, నోరు కదపకుండా నాకు ఒక్క అక్షరం తలకెక్కదన్న సంగతి చాలాకాలం ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఇంకొక సంగతి కూడా ఎవరికీ తట్టలేదు. నాన్న ఆ వాకిట్లో నా గొంతు పట్టుకుని నడిచేవాడు. మేము కిరాయికి ఉన్నది కిష్టమ్మ ఇంట్లో. ముందు షాబాదు బండలు పరిచిన వాకిలి. వాకిలి మధ్యలో రోలు. రోలు దగ్గర ఎడమకి తిరిగితే నీళ్ళ గోలెం, కుడికి తిరిగితే కిష్టమ్మవాళ్ళ మోటబావి. ఎద్దులు మోట లాగే వైపు బావికి గోడ ఉండదు. నేల ఉన్నట్టుండి అయిపోతుంది, కింద చీకటి, నీళ్ళు. బావికి అవతల, వీధిలోకి పోయే తడిక. నాన్న దాహమేసి గోలెం దాకా వెళ్ళినా, తిరిగొచ్చేటప్పుడు అరుగు మీద నేను చదివే చదువు వినబడుతూ ఉండేది కాబట్టి, ఆ గొంతు వైపు తిన్నగా నడిచొచ్చేవాడు. చేతికర్ర ఇస్తే, నేనేం ముసలాణ్ణా అని విసిరికొట్టేవాడు.

డెబ్భై ఒకటిలో ప్రైవేటుగా మెట్రిక్ రాశాను. బడికి పోయే పిల్లలకంటే ముందే, పద్నాలుగు నిండీ నిండకుండా. పరీక్ష పెట్టిన బడి బొంబాయి రోడ్డు పక్కనే. లారీల మోతలో నా గొణుగుడు ఎవరికీ వినబడలేదు. ఆఖరి రోజు లెక్కల పరీక్షలో మాత్రం కాపలా ఉన్న మాస్టారు నా వెనక వచ్చి నిలబడ్డాడు. "ఎవరికి చెబుతున్నావే జవాబులు?" అని కాగితం మీద చెయ్యి వేశాడు. ఎవరికీ కాదండీ అంటే నమ్మడే! ఏడ్చాను. ఆయన మనసు కరిగిందో, టైము అయిపోవచ్చిందో గాని వదిలేశాడు. 

ఫస్టు క్లాసు వచ్చింది. వచ్చాక అసలు భయం మొదలైంది.

నాన్న మనసంతా పట్నంలో ఒక పెద్ద ఆడపిల్లల కాలేజీ మీద ఉంది. లెక్కలు బాగా చెబుతారని ఆయన ఎప్పుడో విన్నాడు. అమ్మ వెళ్ళి కనుక్కుని వచ్చింది. బడికి పోకుండా ప్రైవేటుగా పాసైనవాళ్ళకి విడిగా పరీక్ష పెడతారట. అందులో నెగ్గినవాళ్ళకే సీటట.

"హాల్లో పెదవి కదిపితే కాగితం లాక్కుని బయటికి పంపించేస్తారట, అక్కడి ఆయా చెప్పింది" అంది అమ్మ, చెప్పులు విప్పుతూ.

నాన్న నావైపు మొహం తిప్పాడు. తరవాత, "ఏదీ, ఆ పుస్తకం తియ్యి. నాకు వినబడకుండా ఒక పేజీ చదువు" అన్నాడు.

చదివాను. చదివానని అనుకున్నాను. ఏం చదివావో చెప్పమంటే ఒక్క ముక్క చెప్పలేకపోయాను. నా కళ్ళు అక్షరాల మీద నుంచి వెళ్ళిపోయాయంతే. నాన్న మొహం పాలిపోయింది. నేను అంతకుముందు ఆయన మొహంలో భయం చూడలేదు. కళ్ళు పోయిన రోజున కూడా చూడలేదు.

"తప్పు నాదే. నా చెవుల కోసం నీకు చదువు చెప్పాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఉపాయం ఆయనే కనిపెట్టాడు. నోటినిండా నీళ్ళు పోసుకుని చదవాలి. పెదవి విప్పితే నీళ్ళు పుస్తకం మీద పడతాయి. మింగితే మళ్ళీ పోసుకోవాలి. నవ్వొచ్చే ఉపాయమే. మొదట్లో నవ్వాను కూడా. నవ్వినందుకు నీళ్ళన్నీ నాన్న చొక్కా మీద పడ్డాయి.

కిష్టమ్మ మోట దగ్గర తాడు సర్దుతూ చూసింది. "ఏంది బిడ్డా, బుగ్గలు గట్ల ఉబ్బిచ్చి కూసున్నవ్? పన్ను నొస్తుందా ఏంది?"

"పరీక్షకి చదువుతోందమ్మా" అన్నాడు నాన్న.

"గిదేం సదువు సారూ! ఇన్నేండ్ల సంది ఈ పిల్ల సదువు ఇనుకుంటనే వండుకుంటి, తింటి. గిప్పుడు ఇల్లంత సప్పుడు లేదాయె. నాకే గుబులైతుంది."

 ఇల్లు నిజంగానే మూగపోయింది. పుస్తకం చదువుతూ మధ్యలో తలెత్తితే, నాన్న నావైపు చెవి తిప్పి, మెడ సాచి కూర్చుని ఉండేవాడు. ఉన్నట్టుండి "అమ్మణ్ణీ, ఉన్నావా?" అనేవాడు. నోట్లో నీళ్ళతో నేను నేలమీద చేత్తో తట్టేదాన్ని. "ఉండు ఉండు, చదువుకో" అనేవాడు. కాసేపటికి మళ్ళీ అడిగేవాడు.  నేను కాలేజీలో ఉన్న రోజున ఈ "ఉన్నావా?"కి నేల తట్టే చెయ్యి ఎవరిదని ఆలోచన వచ్చేది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా చదివింది కాస్తా చెదిరిపోయేది.

అయినా నెమ్మదిమీద పట్టు దొరికింది. ఒక మధ్యాహ్నం జ్యామితి సిద్ధాంతం ఒకటి, నోరు కదపకుండా, మొదటి నుంచి చివరి దాకా నా తలలో తనంతట తనే నడిచింది. ఎక్కడా ఆగలేదు. ఎవరో లోపల దీపం పెట్టినట్టుంది. సంతోషం పట్టలేక, నాన్నతో చెబుదామని తలెత్తాను.

నాన్న అరుగు మీద లేడు.

గోలెం దగ్గర నీళ్ళు తాగి తిరిగొస్తున్నాడు. రోలు దాటేశాడు. అరుగు వైపు తిరగాల్సినవాడు తిరగలేదు. ఎటు తిరగాలో చెప్పే గొంతు లేదు మరి. చేతులు ముందుకి చాచుకుని, నింపాదిగా, బావి వైపు నడుస్తున్నాడు. బండలు అయిపోయి తడినేల తగిలింది. గోలెం దగ్గరా తడే, బావి దగ్గరా తడే. ఆయనకి అనుమానం రాలేదు.

నేను అరవబోయాను. నోటినిండా నీళ్ళు. సగం గొంతులోకి పోయి పొరమారింది. దగ్గు వస్తోందిగాని మాట రాదు. లేవబోతే కాళ్ళు లేవలేదు. అలాంటి భయం మళ్ళీ ఎప్పుడూ పడలేదు నేను. నా కళ్ళముందు మా నాన్న బావిలోకి నడుస్తున్నాడు, నేను నీళ్ళు కక్కుతూ కూర్చున్నాను.

కిష్టమ్మ బావికి అవతల గడ్డి కోస్తోంది. ఆమె చూసింది. "సారూ! ఆగుండ్రి! బాయి!" అని కెవ్వున అరిచింది.

నాన్న ఆగలేదు. ఆ అరుపు వైపు ఇంకో అడుగు వేశాడు. గొంతు వినబడితే అటు నడవడం ఆయనకి అలవాటైపోయింది. చెవిన పడ్డ మాటకి అర్థం తెలిసేలోపల కాలు కదిలిపోతుంది. కిష్టమ్మ కొడవలి పారేసి, గట్టు చుట్టి పరుగెత్తుకొచ్చి, ఆయన్ని రెండు చేతులా వెనక్కి తోసింది. ఇద్దరూ బురదలో పడ్డారు. నాన్న చెప్పు ఒకటి బావిలో పడింది. అది పడ్డ చప్పుడు నాకు వినబడింది.

సాయంత్రం అమ్మ వచ్చేసరికి నేను పుస్తకాలన్నీ గోనెసంచిలో పెట్టి మూతి కట్టేశాను.

"నేను పరీక్షకి వెళ్ళను."

"ఎందుకెళ్ళవు?" అన్నాడు నాన్న. మోకాలు చెక్కుకుపోయి, దానిమీద పసుపు పెట్టుకుని ఉన్నాడు.

"ఎందుకో నీకు తెలుసు. నేను నోరు మూస్తే నువ్వు బావిలోకి నడుస్తున్నావు. నేను వెళ్ళను."

"నాకు కాపలా కాయడానికా నీకు ఇన్ని లెక్కలు చెప్పాను?" అని నాన్న అరిచాడు. అంతకుముందు ఆయన అరవగా నేను ఎప్పుడూ వినలేదు. "బుద్ధుందా? కళ్ళు పోయింది నాకు. నీకేం పోయింది? సంచి మూతి విప్పు!"

అమ్మ మధ్యలోకొచ్చింది. "ఏమండీ, అది పసిపిల్ల. భయపడింది. మీకు మాత్రం భయం లేదూ?"

 ఆ రోజు నాన్న అన్నం సరిగ్గా తినలేదు. నాకు మాత్రం లోపల ఒకటే మాట తిరుగుతోంది. సీటు వస్తే నాన్నని చంపుకుంటాను. సీటు రాకపోతే నాన్న బతికుండగానే నా మీద ఆశ చంపుకుంటాడు.

కిష్టమ్మే ఒక దారి చూపించింది. మోట దగ్గర గోడ లేని చోట తుమ్మకంప అడ్డం వేయిస్తానంది. "మా కొడుకు మొగిలికి చెప్త. పొద్దుగూకే యాల్ల మోట కొట్టేటప్పుడే కంప తీస్తడు, మల్ల ఏస్తడు. సారుకు ముల్లు గుచ్చుకుంటే ఆగుతడు గద! నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. నీ సదువు నువ్వు సదువుకో, జర పైలంగ నేను చూసుకుంట."

సంచి మూతి విప్పాను. చదువుతూనే ఒక కన్ను నాన్న మీద ఉంచేదాన్ని. ఆయన నేను చూస్తున్నంతసేపూ అరుగు దిగేవాడు కాదు. అయినా ఆయన చేతుల నిండా కొత్త కొత్త ముళ్ళగీతలు కనబడేవి. ఎలా గీసుకున్నావంటే, "కంప పక్కన చెయ్యి పెట్టాలే" అనేవాడు. నేను వంటింట్లోకో, కొట్టుకో వెళ్ళినప్పుడు ఎందుకు పెడుతున్నాడో నేను అడగలేదు. పరీక్ష భయంలో నాకు ఇంకేదీ తట్టలేదు.

పరీక్ష రోజు అమ్మ సెలవు పెట్టలేక రెండో షిఫ్టుకి మార్చుకుని, నాన్నని కిష్టమ్మకి అప్పగించి నాతో వచ్చింది. బస్సులో నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. కాలేజీ హాలు పైకప్పు ఎంత ఎత్తంటే, తలెత్తి చూస్తే కళ్ళు తిరిగాయి. బయట లారీలు లేవు. ఫ్యాను తిరిగే చప్పుడొకటే. ఎవరైనా కాగితం తిప్పితే హాలంతా వినబడుతోంది. కాపలా ఉన్న లెక్చరర్ పేరు పుణ్యవతి గారని పక్కపిల్ల చెప్పింది. చెప్పినందుకే ఆ పిల్లకి చీవాట్లు పడ్డాయి.

ప్రశ్న కాగితం ఇచ్చారు. మొదటి లెక్క చదివాను. తలకెక్కలేదు. మళ్ళీ చదివాను. ఇంట్లో నడిచిన దారి ఇక్కడ మూసుకుపోయింది. పెదవులు వాటంతట అవే కదిలాయి.

"ఏమ్మా, మూడో బెంచీ! మాటలేమిటి? ఇంకోసారి వింటే కాగితం తీసుకుంటాను."

చెమటలు పట్టాయి. అరిచేతుల తడికి కాగితం అంటుకుంటోంది. అప్పుడు గుర్తొచ్చింది. లేచి నిలబడి, "తాగడానికి నీళ్ళు కావాలండీ" అన్నాను. ఆయా గ్లాసు తెచ్చింది. నోటినిండా పోసుకుని, బుగ్గల్లో ఆపుకుని కూర్చున్నాను. నీళ్ళు నోట్లోకి వచ్చేసరికి మా అరుగూ, నాన్న మెడ సాచి వినడమూ కూడా వచ్చాయి. లెక్క కదిలింది. ఒకటయ్యాక ఒకటి చేసుకుపోయాను.

తలెత్తేసరికి పుణ్యవతి గారు నా ఎదురుగా నిలబడి ఉన్నారు.

"నోట్లో ఏమిటి?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఏమిటంటే చెప్పవే? చీటీ నోట్లో పెట్టుకున్నావా? తెరువు!"

తెరిస్తే రాసిందంతా తడిసిపోతుంది. మింగితే చీటీ మింగేసిందంటారు. హాల్లో పిల్లలందరూ నా వైపే చూస్తున్నారు. ఆ మధ్యాహ్నం అరుగు మీద పొరమారినట్టే అవుతుందేమోనని ఊపిరి బిగబట్టాను. నెమ్మదిగా లేచి, కిటికీ దగ్గరికి నడిచి, ఆవిడ చూస్తుండగా ఊచల్లోంచి బయటికి ఉమ్మాను. ఉత్త నీళ్ళు. నోరు తెరిచి చూపించాను.

"నీళ్ళా? ఎందుకూ?"

"నోరు ఖాళీగా ఉంటే పైకి చదివేస్తానండీ. మా నాన్నకి కళ్ళు లేవు. చిన్నప్పటి నుంచీ ఆయన వినేలాగే చదివాను. లోపల చదవడం కొత్త."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. చీవాట్లు పెడతారనుకున్నాను. "టైము పోతోంది, వెళ్ళి కూర్చో" అని, ఆయా వైపు తిరిగి, "ఈ అమ్మాయికి ఇంకో గ్లాసు తెచ్చి పెట్టు" అన్నారు.

మధ్యాహ్నం వరండాలో పేర్లు చదివారు. నా పేరు ఉంది. మధ్యలో ఎక్కడో ఉంది, అయినా ఉంది. అమ్మ వరండా స్తంభం పట్టుకుని కిందికి కూర్చుండిపోయింది. తరవాత లేచి కొంగుతో మొహం తుడుచుకుంది. బాలానగర్‌కి దగ్గరలో షిఫ్టుకని బస్సు దిగుతూ, "మీ నాన్నకి నువ్వే చెప్పు. నేను చెబితే ఏడుస్తాను" అంది.

కూకట్‌పల్లిలో బస్సు దిగి పరుగెత్తాను. చెప్పాల్సిన మాట నోట్లో సిద్ధంగా ఉంది. తడిక దాకా వెళ్ళాక అరిచి చెబుదామని దారంతా అనుకున్నాను. సందులోకి తిరిగాను. ఇంట్లోంచి ఏ చప్పుడూ లేదు. కిష్టమ్మ గొంతు కూడా లేదు. 

తడిక తోశాను. మొగిలి ఆ రోజు పెందలాడే మోట కొట్టి ఎద్దుల్ని విప్పుకుపోయాడు. తాడు ఇంకా తడిగా ఉంది. తుమ్మకంప పక్కకి లాగేసి ఉంది. మళ్ళీ వెయ్యలేదు.

నాన్న వాకిట్లో ఉన్నాడు. ఒంటరిగా, ఖాళీ చేతులతో, అరుగు దగ్గర నుంచి వస్తున్నాడు. నాకూ ఆయనకీ మధ్య బావి, అడ్డేమీ లేకుండా.

పిలుపు గొంతు దాకా వచ్చింది. నాన్నా అంటే చాలు, ఆయన నావైపు నడుస్తాడు. తిన్నగా నడుస్తాడు. కిష్టమ్మ అరిచిన రోజున చెప్పు పడ్డ చప్పుడు చెవుల్లో మళ్ళీ వినబడింది. రెండు చేతులా నోరు మూసుకున్నాను. గట్టు చుట్టి పరుగెత్తితే నా అడుగుల చప్పుడు వినబడుతుంది. కదల్లేదు. ఊపిరి కూడా తీసుకోలేదు. భయంతో పళ్ళు అరిచేతిలో దిగాయి.

నాన్న రోలు దగ్గరికి వచ్చి ఆగాడు. కాలి బొటనవేలితో రోలు అంచు తడిమాడు. మొహం బావి వైపు తిరిగింది. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. తరవాత ఒక అడుగు ముందుకి వేసి, చెయ్యి చాచి, గాలిలో కంప కోసం వెతికాడు. కంప తగల్లేదు. తగలకపోయేసరికి ఆయనకి భయం వేసింది, నేను చూశాను, భుజాలు బిగుసుకున్నాయి. పాదం వెనక్కి లాగి, మళ్ళీ రోలు తడిమి, ఎడమకి తిరిగాడు. ఒక్కో అడుగూ కాలితో నేలని అడిగి వేస్తున్నాడు. గోలెం అంచు చేతికి తగిలింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తల దానిమీద ఆనించి నిలబడిపోయాడు.

ఈ కొన్ని వారాలుగా నేను నోరు మూసుకుని చదవడం నేర్చుకుంటుంటే, ఆయన నా గొంతు లేకుండా నడవడం నేర్చుకుంటున్నాడని నాకు అప్పుడు తెలిసింది. చేతుల మీద గీతలు అవేనన్నమాట.

నేను చప్పుడు చెయ్యకుండా గట్టు చుట్టి నడిచి ఆయన వెనక్కి వెళ్ళాను. నాన్న గ్లాసుతో నీళ్ళు ముంచి తాగాడు. మళ్ళీ ముంచాడు. ఆ గ్లాసు తిన్నగా నావైపు చాచాడు.

"తడిక చప్పుడు వినబడింది. తాగు. పరుగెత్తుకొచ్చుంటావు" అన్నాడు. నీళ్ళు తొణికి నా పాదాల మీద పడుతున్నాయి. "నన్ను పిలవకుండా నిలబడ్డావంటే హాల్లోనూ నోరు కదిపి ఉండవు, సీటు వచ్చే ఉంటుంది. వచ్చిందా?"

నేను అప్పటికే గ్లాసు ఎత్తేశాను. నోటినిండా నీళ్ళు. ఆయన చెయ్యి తీసుకుని నా మొహం మీద పెట్టుకుని, తల ఊపాను.